అన్యుల ప్రార్థనకు కాపలా

ముస్లిం యువత ప్రజాస్వామ్యాన్ని, పరమతాలను ఏ దృష్టితో చూస్తున్నదన్న ప్రశ్న తరచుగా వినవస్తుంది. ప్రశ్నించడంలో దోషం లేదు. సమాధానాన్ని ఒక్క మాటలో తేల్చివేయడమే దోషం. ఇండోనేషియా ఇందుకు నిదర్శనం.

2000 డిసెంబరు 24 రాత్రి తూర్పు జావాలోని మోజోకెర్తో పట్టణంలో క్రైస్తవులు క్రిస్మస్ ప్రార్థనకు చర్చిలో సమావేశమయ్యారు. కాపలాగా నిలిచినవారిలో నహ్దతుల్ ఉలమా అనే ఇస్లామిక్ సంస్థ యువజన దళానికి చెందిన రియాంతో ఒకడు. వయస్సు 25 ఏళ్లు. చర్చిలో కనిపించిన బాంబును అతడు స్వయంగా బయటకు మోసుకుపోయాడు. అది పేలి అతడు ప్రాణాలు కోల్పోయాడు. లోపలి భక్తుల ప్రాణాలు నిలిచాయి. ఆ రాత్రి అనేక నగరాల చర్చిలలో బాంబులు పెట్టించిన జెమా ఇస్లామియా తీవ్రవాదులు చెప్పుకొన్నదీ ఇస్లాం పేరే. మతం ఒక్కటే, మార్గాలు రెండు.

మోజోకెర్తో సమీపంలోని త్రోవులాన్ మజాపహిత్ సామ్రాజ్య రాజధాని అని చరిత్రకారుల భావన. 14వ శతాబ్దంలో ఆ రాజ్యపు కవి ఎంపు తంతులార్ తన ‘సుతసోమ’ కావ్యంలో శివ బుద్ధులకు తత్త్వతః భేదం లేదని ప్రబోధించాడు. జనాభాలో దాదాపు 87 శాతం ముస్లింలున్న ఇండోనేషియా, ఆ కావ్యంలోని మాటనే ‘భిన్నత్వంలో ఏకత్వం’ అనే అర్థంలో జాతీయ నినాదంగా స్వీకరించింది.

1998లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చి ఉద్యమించగా సుహార్తో నిరంకుశ పాలన అంతమైంది. మరుసటి ఏడే స్వేచ్ఛాయుత ఎన్నికలు జరిగాయి. అదే దేశంలో 2017లో, భారీ నిరసనల అనంతరం, జకార్తా క్రైస్తవ గవర్నరు బాసుకి దైవదూషణ నేరంపై రెండేళ్ల కారాగార శిక్షకు గురయ్యాడు. ఘనమైన వారసత్వం ఉన్నంత మాత్రాన సహనం దానంతట అది నిలవదు. ప్రతి తరమూ దానిని అభ్యసించవలసిందే.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. సర్వ దేవతా నమస్కారాలూ ఒక్క పరమాత్మకే చేరుతాయని మన పెద్దలు నేర్పారు. ఆ బోధ మన పిల్లల నాలుకపైనే ఆగిందా, నడతలోకి దిగిందా? పొరుగువారి ప్రార్థనకు విఘాతం కలిగిన నాడు మన బిడ్డ ఎవరి పక్షాన నిలుస్తాడు? పరుల యువతను ప్రశ్నించే ముందు, సాయంకాలం దీపం వెలిగించిన వేళ ప్రతి తల్లీ తండ్రీ తమ బిడ్డలను దగ్గర కూర్చోబెట్టుకొని రియాంతో కథ చెప్పాలి. అది అన్యమతస్థుని కథ అనిపించదు, ధర్మం తెలిసినవాని కథ అనిపిస్తుంది.