చేతులకును చదువు కావలెను

యాకుత్ అనగా కెంపు. హైదరాబాదు పాతనగరములోని యాకుత్‌పురా పేరులోనే ఒక రంగు ఉన్నది. ఆ పేట ఇండ్లలోను రంగునకు కొదువ లేదు. ఒక వాకిట తెల్లవారునప్పటికే చుక్కల ముగ్గు వెలసియుండును. పండుగ ముందటి రాత్రి మరియొక ఇంట చిన్నపిల్లల అరచేతులపై మెహందీ తీగెలు సాగును. పాతనగరములోనే ఉన్న ఛత్తాబజారులో పెండ్లిపత్రికలు అచ్చగుచుండును. ఇట్టి పరిసరములనుండి బడికి వచ్చు బాలునికి అచట చిత్రలేఖనపు గంట దొరకుచున్నదా? మన బడులలో లెక్కల పాఠము మిగిలిపోయినచో అప్పుగా పోవునది ఆ గంటయే. పరీక్షలు సమీపించినచో మొదట కోతకు గురియగునదియు అదియే.

శాసనము ఈ విషయమున మౌనము వహింపలేదు. 2009వ సంవత్సరపు బాలల విద్యాహక్కు చట్టము, ఆరు మొదలు ఎనిమిది వరకు తరగతులున్న బడిలో నూరుమందికి మించి పిల్లలున్నచో, కళావిద్యకు పార్ట్‌టైము శిక్షకుడు ఉండవలెనని తన అనుబంధములో విధించినది. అంతకు చాలకాలము ముందే, 1937లో, గాంధీమహాత్ముడు వార్ధాలో చేతిపని ద్వారా విద్య గరపవలెనని దేశమునకు చెప్పెను. అయినను బొమ్మలు వేసినంత మాత్రమున మార్కులు వచ్చునా యని తలిదండ్రులు అడుగుచునే యున్నారు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పుస్తకములు కొనుటకే వెనుకాడు ఇంటివారికి రంగులపెట్టె ఒక బరువు. కావున ఉపాధ్యాయుడు మొదట చూపవలసినది, ఈ విద్యకు ధనము అక్కరలేదని.

వంటింటి పసుపును నీట కలిపినచో పచ్చని రంగు. అందులో చిటికెడు సున్నము చేర్చినచో అది చూచుచుండగానే ఎఱ్ఱబారును. పెండ్లిలో పాదములకు పెట్టు పారాణి ఇదియే. సున్నము కన్నులకు చేటు గనుక దానిని ఉపాధ్యాయుడే తన చేత కలుపవలెను. బొగ్గు నలుపునిచ్చును, జాజు ఎఱ్ఱమన్ను రంగునిచ్చును, మోదుగపూవులు మరిగించిన నీరు నారింజవన్నె నిచ్చును. కొంచెము తుమ్మబంక కలిపినచో రంగు కాగితమును అంటుకొనును. కొన నమలిన వేపపుల్లయే కుంచె. చేర్యాల చిత్రకారులు నేటికిని చింతగింజల అంబలితో బట్టను సిద్ధపరచుకొనుచున్నారు. పసుపు ఎందుకు ఎఱ్ఱబారినదని ఒక విద్యార్థి అడిగిననాడు, చిత్రలేఖనపు గంటలో రసాయనశాస్త్రము పిలువకయే వచ్చినట్లు.

అచ్చుపని ఇంకను సులభము. బెండకాయను అడ్డముగా కోసి రంగులో అద్ది కాగితముపై నొక్కినచో చక్కని పూవు పడును. రావియాకు అడుగువైపున రంగు పూసి అద్దినచో ఈనెలన్నియు కనబడును. రంగు చిక్కగా నుండవలెను. నీరు హెచ్చినచో అచ్చు అలుకుకొనిపోవును. కొంచెము పెద్దపిల్లలు ఆలుగడ్డను రెండుగా కోయించుకొని, దానిపై తమ పేరులోని మొదటి అక్షరమును చెక్కవచ్చును. అద్దిచూచినప్పుడు ఆ అక్షరము తలక్రిందులు కాదు, కుడియెడమలు మారి వచ్చును. తెలుగు అక్షరమైనను ఉర్దూ అక్షరమైనను అంతే. పిల్లవాడు తెల్లబోవును, పిదప అద్దమును తలచుకొని రెండవమారు త్రిప్పి చెక్కును. సీసపు అచ్చక్షరములను త్రిప్పి పోతపోసిన రహస్యము వానికి ఎవరును చెప్పకయే తెలియును. మొదటి అచ్చు తప్పుటయే అచట పాఠమునకు ఆరంభము.

మట్టికి మరియొక గొప్పగుణ మున్నది. అది తప్పును క్షమించును. బంకమన్నులో రాళ్లు ఏరి, నానబెట్టి, బుడగలు లేకుండ బాగుగా పిసికి పిల్లల చేతికీయవలెను. రెండు భాగములను అతుకునప్పుడు రెంటిపైనను గాట్లు పెట్టి, నడుమ పలుచని బురద పూయవలెను. బొమ్మను ఎండలో గాక నీడలో ఆరబెట్టినచో పగుళ్లు తక్కువ. కాల్చని బొమ్మ విరిగినను నష్టము లేదు. నీటిలో వేసినచో మరల మన్నగును. ఇక ఏమి చేయవలెనన్న ప్రశ్న యాకుత్‌పురా పిల్లలకు రాదు. పాతనగరపు ప్రాకారమునకు వారి పేట పేరిట ఒక దర్వాజా ఉండెను. ఇప్పుడది లేదు. ఆ దర్వాజాలలో మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే. ప్రక్కపేటలోని దబీర్‌పురా దర్వాజాను కన్నులార చూచివచ్చి, కనుమరుగైన తమ దర్వాజాను మట్టితో నిలబెట్టుమన్నచో, ఆ పని చరిత్రపాఠమునకు తీసిపోదు.

ఇన్నియు ఉన్నను, ఉపాధ్యాయుడు ఒక నిగ్రహము పాటింపనిచో ఫలితము శూన్యము. పిల్లవాని కాగితముపై ఆయన తన పెన్సిలు పెట్టరాదు. గీతలు గీసియిచ్చి లోపల రంగు నింపుమనుట చిత్రలేఖనము కాదు, విధేయత. ప్రదర్శననాడు అన్నలు, అక్కలు, కొన్నిచోట్ల ఉపాధ్యాయులే చేసిన బొమ్మలు బల్లలపై మెరయుచుండ, చేసితినని చెప్పవలసిన పిల్లవాడు తలవంచుకొని నిలుచుట కంటె విచారకరమైన దృశ్యము బడిలో లేదు. ఆనాడు వాడు నేర్చినది కళ కాదు, అసత్యము. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో బాలల చిత్రకళాతరగతి నెలకొల్పి, పెద్దల బొమ్మలకు నకళ్లు వ్రాయింపక పిల్లలను తమ ఊహనే చిత్రింపనిచ్చెను. కొమ్ములు పొడవైన మేక, ఇంటికంటె పెద్దదైన అమ్మ పిల్లవాని బొమ్మలో తప్పులు కావు. వానికి లోకము అట్లే కనబడుచున్నది.

పాతనగరపు పేటలలో ఒకరి ఇంటిభాష తెలుగు, మరియొకరి ఇంటిభాష ఉర్దూ. పుస్తకము తెరచినప్పుడు ఏదో ఒక బాలుడు వెనుకబడును. నోరు తెరచుటకు వెనుదీయును. మన్ను చేతికి వచ్చినప్పుడు ఆ భేదము ఉండదు. చుక్కల ముగ్గు ఎరిగిన బాలికయు మెహందీ తీగె ఎరిగిన బాలికయు ఒకే కాగితముపై వంగి ఒకరి పనితనమును మరియొకరు చూచి నేర్చుకొందురు. చివరి బల్లపై మాటలేక కూర్చున్న విద్యార్థి చక్కని కుండ చేసి చూపిననాడు తరగతి వానివంక తిరిగి చూచును. వాడును తనవంక తాను తిరిగి చూచుకొనును.

వారమునకు ఒక్క గంట. దానిని లెక్కలకు అప్పీయకుండుటకు ప్రధానోపాధ్యాయుని నిశ్చయము చాలును. పిడికెడు మన్ను, చిటికెడు పసుపు పిల్లలే తెచ్చుకొందురు.