సన్నపట్టాల బండి

పుంగనూరుకు రైలు లేదు. మాకు రైలంటే సీటీఎం ఊరి దగ్గరున్న మదనపల్లె రోడ్ స్టేషనే. 1890ల మొదట్లో వేసిన పాకాల–ధర్మవరం మీటరు గేజు దారిలోది అది. గేజు మార్పిడితో ఆ సన్నపట్టాలు పోయాయి. ప్యాసింజరు పెట్టెలు లాగిన వైడీఎం-4 డీజిలింజన్లూ పోయాయి.

ఆవిరింజనంటే అందరికీ ముద్దు, మ్యూజియం ముందు దాన్నే నిలబెడతారు. డీజిలుబండి తుక్కు కిందికి పోతుంది. నాకది బాధ.

రంగేసి నిలబెట్టడం తేలిక, బతికించడమే కష్టం. ఏళ్లతరబడి పడుకున్న వైడీఎం-4లోని ఆరు సిలిండర్ల ఆల్కో ఇంజన్ను ఒక్కసారిగా స్టార్టు చేయకూడదు. సిలిండర్లో నీళ్లు దిగివుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అందుకే సిలిండర్ల టెస్టు కాక్‌లు (చిన్న కవాటాలు) తెరిచి, క్రాంకుషాఫ్టును చేత్తో మెల్లగా తిప్పి చూస్తారు, కాక్‌ల్లోంచి చుక్క కారుతుందేమోనని. ఆ తర్వాతే బ్యాటరీలు. అవి మెయిన్ జనరేటర్నే మోటారులా తిప్పి ఇంజన్ను లేపుతాయి. ఈ పనితనం షెడ్డు ఫిట్టర్ల చేతుల్లో ఉంది, వాళ్లేమో రిటైరైపోతున్నారు. ఢిల్లీలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియం లాంటి చోట్ల ఇనుముతోపాటు వాళ్ల మాటలూ భద్రం కావాలి.

ఈ సంచికను అందుకే వాళ్లకిచ్చాం. మీ ఇంట్లో పాకాల దారి అట్ట టికెట్టు ఉంటే పారేయకండి, ఫొటో తీసి పంపండి.