గాయానికి పరిహారం: కోర్టు ఆలస్యమెంత, మన ఆలస్యమెంత?



ఈ పత్రికలో సాధారణంగా నూలు ధర గురించో, రిబేటు బకాయిల గురించో రాస్తుంటాను. ఈసారి సైకిలు గురించి రాయవలసి వచ్చింది. నూలు తెచ్చుకొనుటకు, నేసిన చీరలు సంఘానికి అప్పగించుటకు మనలో ఎందరికో నేటికీ సైకిలే బండి. ఆ బండిమీద పోయేవానికి దెబ్బ తగిలితే పరిహారం చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో, ఎందుకు పడుతుందో నేను దగ్గరుండి చూశాను. అందులో కొంత తప్పు నాదికూడా కనుక దాచకుండా చెబుతాను.

2022 జులైలో మా బరంపురంలో సంఘ సభ్యుడొకాయన తమ్ముడు, 38 ఏండ్లవాడు, రెండు పట్టుచీరలు అప్పగించి సైకిలుమీద ఇంటికి పోతుండగా వెనుకనుంచి మోటారు సైకిలు గుద్దింది. కుడికాలు మోకాలి కింద విరిగింది. బండి నడిపినవాడు పారిపోలేదు. ఆసుపత్రికి చేర్చి, అయిదువేల రూపాయలు చేతిలో పెట్టి, "ఠాణా దాకా ఎందుకండీ" అన్నాడు. మనవాళ్లు సరేనన్నారు. ఎట్లా జరిగిందని ఆసుపత్రిలో అడిగితే "సైకిలు మీంచి పడ్డాడు" అని చెప్పారు. అదే మాట అక్కడ ఒడియాలో రాసుకొన్నారు.

ఆ ఒక్క మాట మూడేళ్లు వెంటాడింది.

ఎముక సరిగా అతకలేదు. రెండవసారి శస్త్రచికిత్సకు అప్పు చేశారు. మగ్గం ఆగిపోయింది. అయిదవ నెలలో గాని ఠాణాకు పోలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా ట్రిబ్యునలులో దరఖాస్తు వేయాలి. ఇంక పన్నెండు రోజులుందనగా వకీలుగారు వేశారు. ఈ గడువు చెల్లునా అన్న వివాదం సుప్రీంకోర్టు ముందుకు పోయింది. కేవలం గడువు దాటిందని దరఖాస్తులు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా ఇచ్చారు. అయినా దానిని నమ్ముకొని ఎవరూ ఇంట్లో కూర్చోరాదు.

అటు తరువాత వాయిదాలు. బండి యజమాని ఇల్లు మారినందున నోటీసు అందలేదని కొన్నాళ్లు. సాక్ష్యానికి డాక్టరుగారు రాలేదని రెండు వాయిదాలు. బీమా కంపెనీ వకీలు లేచి, "ఆసుపత్రి కాగితంలో తానే పడ్డాడని ఉన్నది, మా బండికి సంబంధమేమి?" అన్నాడు. దానికి జవాబు చెప్పుకొనుటకే ఏడాది పట్టింది.

ఇక నా తప్పు. అన్నదమ్ములిద్దరూ నేసేవారు. సంఘం పుస్తకంలో నూలూ, కూలీ అన్నీ అన్నగారి పేరనే రాస్తూ వచ్చాను. ఇంటికొక పేరు చాలునన్నది మన పాత అలవాటు. తమ్ముడు నేతగాడేనా, నెలకెంత సంపాదించేవాడు అని ట్రిబ్యునలు అడిగితే చూపుటకు కాగితం లేకపోయింది. నేను పోయి నోటితో సాక్ష్యం చెప్పాను. నోటిమాటకు ఎంత విలువ ఉంటుందో అంతే ఉన్నది. కనీస వేతనం లెక్క కట్టారు.

ఈ లెక్క ఎంత ముఖ్యమో చూడండి. వయస్సునుబట్టి గుణకం ఎంతో 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 36 నుంచి 40 ఏండ్లవారికి అది 15. ఉదాహరణకు నెలకు 9,000 రూపాయల సంపాదన అనుకొంటే ఏడాదికి 1,08,000, పదిహేనింతలు 16,20,000. డాక్టరు 20 శాతం వైకల్యమని రాస్తే, దానినే సంపాదన నష్టంగా పట్టుకొంటే 3,24,000 వస్తుంది. కాని 2010లో రాజ్‌కుమార్ కేసులో అదే కోర్టు ఒక న్యాయమైన మాట చెప్పింది. శరీరానికి కలిగిన వైకల్యం వేరు, సంపాదించే శక్తికి కలిగిన నష్టం వేరు. ఆ మనిషి చేసే పనినిబట్టి రెండవదానిని లెక్కించాలన్నది. గుమాస్తాకు కాలు కొంచెం వంగకపోయినా కలం ఆగదు. గుంటమగ్గంలో కూర్చొని తొక్కుడు చెక్కలు తొక్కేవానికి కుడికాలు లేకుంటే నేత ఎక్కడిది? నష్టం సగమని రుజువైతే అదే లెక్క 8,10,000 అవుతుంది. అయితే ముందుగా అతడు నేతగాడని రుజువు కావాలి గదా!

తీర్పు 2025లో వచ్చింది. దరఖాస్తు నాటినుంచి ఏడాదికి నూటికి ఏడు రూపాయల వడ్డీ వేశారు. కాని ఆపరేషనుకు తెచ్చిన అప్పుకు నెలకు నూటికి మూడు, అంటే ఏడాదికి ముప్పైఆరు. మూడేళ్లలో ఆ తేడా ఎవరు తిన్నారో మీరే లెక్క వేసుకోండి. ఆలస్యమన్నది ఊరికే పోయే కాలం కాదు, గాయపడినవాని జేబునుంచి పోయే సొమ్ము.

"కోర్టు మెట్లెక్కితే ఉన్న మగ్గం కూడా పోతుంది, ఇచ్చింది పుచ్చుకొనుటే మేలు" అని మా పెద్దలు కొందరంటారు. వారి అనుభవాన్ని కాదనను. కాని ఆ అయిదువేలు కట్లకే చాలలేదు. పైగా పరిహారం ఇచ్చేది సాధారణంగా ఆ బండివాని జేబునుంచి కాదు, బీమానుంచి. ప్రతి మోటారు బండికీ ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉండాలన్నది చట్టం. "మనకు లైసెన్సు లేదు, మనమే ఇరుక్కుంటాము" అని జంకేవారున్నారు. సైకిలుకు లైసెన్సూ అక్కరలేదు, బీమా అక్కరలేదు. రాత్రిపూట దీపం లేకుండా పోతే మాత్రం కొంత తప్పు మనదని పరిహారం తగ్గించమని వాదిస్తారు.

కోర్టు ఆలస్యం మన చేతిలో లేదు. మన ఆలస్యం మన చేతిలోనే ఉన్నది. దానిని సంఘాలు భుజాన వేసుకోవాలని నా అభిప్రాయం.

మొదటిది, ప్రమాదం కబురు తెలిసిన రోజే సంఘంనుంచి ఒకరు ఆసుపత్రికి పోవాలి. ఏ బండి గుద్దిందో, దాని నంబరుతో సహా రాయించాలి. స్థానిక భాష చదవగలిగినవారిని పంపాలి. షోలాపూరులో మరాఠీ, సేలంలో తమిళం, మా ఊళ్లో ఒడియా. ఏమి రాశారో తెలియకుండా తెలుగులో సంతకం పెట్టి రావడం ఇకనైనా మానాలి.

రెండవది, వెంటనే ఠాణాలో ఫిర్యాదు. 2022 నిబంధనల ప్రకారం పోలీసువారు 48 గంటలలో మొదటి నివేదిక, 90 రోజులలో వివరమైన నివేదిక ట్రిబ్యునలుకు పంపాలి. ఫిర్యాదే లేకుంటే ఈ గడియారం కదలదు. 2025 మే నుంచి వచ్చిన పథకం కింద ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్సకు వీలున్నది. అదీ మోటారు వాహన ప్రమాదమని తేలితేనే. గుద్దిన బండి దొరకకపోయినా తీవ్రగాయానికి 50,000, మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు ఇచ్చే ఏర్పాటు వేరే ఉన్నది. పొరుగూరిలో దెబ్బ తగిలినా, తాను నివసించే ఊరి పరిధిలోని ట్రిబ్యునలులోనే దరఖాస్తు వేసుకోవచ్చు.

మూడవది, నేసే ప్రతివారి పేరా, ఆడవారితో సహా, కూలీ పుస్తకం వేరుగా ఉండాలి. మా సంఘంలో ఈ మార్పు చేశాము.

నాలుగవది, కేసు తేలేవరకు వడ్డీలేని అప్పు సంఘ నిధినుంచి ఇవ్వాలి. పరిహారం వచ్చాక తిరిగి కట్టవచ్చు. ఆకలితో ఉన్నవాడు తక్కువకు రాజీపడతాడని బీమా కంపెనీలకు తెలియకపోదు.

ప్రభుత్వమువారిని కోరేది ఒక్కటే. బాధితునికి ఆరు నెలల గడువు పెట్టినవారు, తీర్పుకు కూడా ఒక గడువు పెట్టి, దానికి సరిపడా న్యాయమూర్తులను నియమించాలి.

ఆ తమ్ముడు ఇప్పుడు మగ్గం ఎక్కలేడు. మా సంఘంలో కండెలు చుట్టి ఇస్తున్నాడు. కూలీ అతని పేరనే రాస్తున్నాను.