ముందు తెర, పిమ్మట హంగులు

డిజైను పని నేర్చుకొనుచున్న కుమారునకో కుమార్తెకో ఇంటియందు ఒక కంప్యూటరును సమకూర్పదలచి, ఏబదివేల రూపాయలు కూడబెట్టుకొని సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లెక్కిన మధ్యతరగతి గృహస్థునకు అంగడివారు వ్రాసియిచ్చు కొటేషనును పరికించినచో, అందు సింహభాగము గ్రాఫిక్స్ కార్డునకును, రంగురంగుల దీపములతో తిరుగు ఫ్యానులకును, అద్దాల క్యాబినెట్టునకును పోయి, మానిటరు మాత్రము మిగిలిన చిల్లరకు వచ్చినదేదో యొకటి యనునట్లు కట్టకడపటి పంక్తిలో చేరియుండుట తరచు కనబడును. ఆటలాడుకొనువారికి అట్టి యంత్రము తగియుండవచ్చును గాని, శుభలేఖలును, పుస్తకముల ముఖచిత్రములును, ఫ్లెక్సీలును కూర్చి నాలుగు రాళ్లు సంపాదింపదలచినవారికి అది పైన పటారము, లోన లొటారము.

ఏ పనికి యంత్రములోని ఏ భాగము అలసిపోవునో కొంచెము లెక్క వేసి చూతము. పదియడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు గల ఫ్లెక్సీని అంగుళమునకు 72 చుక్కల చొప్పున ఫొటోషాపునందు తెరచినయెడల, అడ్డముగా 8,640, నిలువుగా 5,184, వెరసి దాదాపు నాలుగున్నర కోట్ల చుక్కలగును. ముద్రణకు వలయు నాలుగు వర్ణములకు ఒక్కొక్క బైటు చొప్పున చూచినను, నిండుపొర (లేయరు) యొక్కటియే సుమారు 18 కోట్ల బైట్లను ఆక్రమించును. నాయకుని నిలువెత్తు ఛాయాచిత్రము, ఇరుప్రక్కల అనుచరుల గుండ్రని ముఖములు, వెనుక మేఘములు, అక్షరములు, అక్షరములకు నీడలు (ఈ నీడలు లేని ఫ్లెక్సీ మన వీధులలో ఇంకను పుట్టలేదు) ఇట్లు పేర్చుకొనుచు ఇరువది నిండుపొరలకు పోవునప్పటికి మూడు జీబీలకు మించిపోగా, చేసిన మార్పును వెనుకకు మరలించుటకై యంత్రము దాచుకొను ప్రతులు దానికి అదనము. విండోసునకును బ్రౌజరునకును పంచిపెట్టిన పిదప 8 జీబీ ర్యామునందు మిగులునది స్వల్పము కావున, 16 జీబీ కనీసావసరమని నా నిశ్చితాభిప్రాయము. అదియును ఎనిమిదేసి జీబీల జంటగా కొనుట మేలు, ఏలయన రైజెన్ 5 5600జీ వంటి, గ్రాఫిక్స్ తనలోనే గల ప్రాసెసరు ఆ ర్యామునే వాడుకొనును గనుక, జంటయున్నచో దాని వేగము హెచ్చును. బ్లెండరునందు త్రీడీ దృశ్యములను రెండరు చేయువారికి ప్రత్యేకమైన కార్డు ఆవశ్యకమే. తక్కినవారు దానిని రేపటికి వాయిదా వేసికొనవచ్చును.

ఇట్లు మిగిలిన సొమ్ము మానిటరునకు చెందవలెను. చవకరకపు టీఎన్ తెరపై, తల కొంచెము పైకెత్తిన ఒక వర్ణము, దించిన మరియొక వర్ణము గోచరించుచుండగా, శుభలేఖపై పెట్టిన కుంకుమరంగు ప్రెస్సు నుండి ఇటుకరంగై వచ్చినప్పుడు తప్పు యంత్రముదో, సిరాదో, తనదో పాపము ఆ డిజైనరునకు తెలియదు. ఎస్‌ఆర్‌జీబీ వర్ణపరిధిని ఇంచుమించు సంపూర్ణముగా చూపు ఐపీఎస్ తెరయే ఈ వృత్తికి ప్రథమోపకరణము. అట్టి తెరపై మెరసిన వర్ణములన్నియు కాగితముపై దిగవన్నది నిజమే గాని, దిగువాని విషయమందైనను భ్రమ తొలగును.

యంత్రమునకు విద్యుత్తు నందించు భాగమునందు నాసిరకపు ఎస్‌ఎంపీఎస్‌తో పొదుపు చేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. సాఫ్టువేరు సంగతి యందురా, అడోబీవారు 2013లో అద్దె పద్ధతికి మరలినది మొదలు ఫొటోషాపు ఇంటిబడ్జెటుపై తీరని భారమైనది. జింప్, ఇంక్‌స్కేప్, క్రీటాలు ఉచితములు, గిడుగు, గురజాడ, ధూర్జటి పేరిటి తెలుగు ఫాంట్లును ఉచితములే. అయితే ప్రెస్సువారు నేటికిని యూనికోడు కాని ‘అను’ ఫాంట్లలో పని చేయుచున్నచో, ఆ సంగతి ముందుగనే విచారించుకొనుట మంచిది.

కావున తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే: అంగడికి పోవునప్పుడు, అచ్చయిన శుభలేఖ నొకదానిని, పెన్‌డ్రైవునందు దాని ఫైలును తీసికొనిపొండు; కొనదలచిన మానిటరుపై ఆ ఫైలును తెరపించి, కాగితమును ప్రక్కన పట్టుకొని, ఎదుట నిలిచియు, ప్రక్కకు జరిగియు చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.