మందు సర్కారుది, మరి గాలి ఎవరిది?

బ్లడ్ క్యాన్సర్ వచ్చిన మనిషి పోతే ఊళ్లో ఒకటే మాట అంటారు: "ఆ రోగం అట్లాంటిది, వాడి రాత అంతే." ఈ మాట సగమే నిజం. బ్లడ్ క్యాన్సర్లలో నయమయ్యేవి ఉన్నాయి. క్యాన్సర్ మందు పని చేస్తుండగానే ఊపిరితిత్తుల్లో బూజు పట్టి చచ్చిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ బూజు గాలిలోంచి వస్తుంది. ఆ గాలి మనం ప్రాణం నిలుపుకుందామని వెళ్లిన ఆసుపత్రి గాలి కూడా కావచ్చు. చావును క్యాన్సర్ ఖాతాలో రాస్తే అడిగేవాడుండడు. గాలి ఖాతాలో రాస్తే గోడ ఎందుకు చెమ్మెక్కింది, ఫిల్టర్ ఎందుకు మార్చలేదు, పనుల బిల్లు ఎవడు మింగాడు అని అడగాల్సి వస్తుంది.

ఇది డాక్టర్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. సర్కారు ఆసుపత్రి జనరల్ వార్డులో మంచమ్మీద ఉండేది మనవాళ్లు. మంచం దొరక్క వరండాలో చాప పరుచుకునేది మనవాళ్లు. అదే వార్డు ఊడ్చేది కూడా మనవాళ్లే.

ముందు ఆ బూజు సంగతి తెలుసుకుందాం. దాని పేరు ఆస్పర్జిల్లస్. తడిసిన గోడ మీద, కుళ్లిన ఆకుల్లో, గడ్డివాములో, పెంటకుప్పలో పెరుగుతుంది. దాని బీజాలు రెండు మూడు మైక్రాన్లుంటాయి. అంటే తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. కంటికి కనపడవు, దుమ్ముతో పాటు గాలిలో తేలుతుంటాయి. మనమంతా రోజూ వందల కొద్దీ పీలుస్తూనే ఉన్నాం. మనకేమీ కాదు. ఎందుకంటే ఒంట్లో కావలివాళ్లున్నారు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలవి. మామూలు మనిషికి ఒక మైక్రోలీటరు రక్తంలో సాధారణంగా 1500కు పైనే ఉంటాయి. కీమో ఎక్కించాక అవి 500 కిందికి, ఒక్కోసారి 100 కిందికి పడిపోతాయి. అక్యూట్ మైలాయిడ్ ల్యుకీమియా అనే రకానికి మొదటి విడత కీమో ఇచ్చాక రెండు మూడు వారాలు మనిషి ఆ స్థితిలోనే ఉండవచ్చు. పది రోజులు దాటాక బూజు ముప్పు బాగా పెరుగుతుంది. కావలి లేని చేను ఎట్లాంటిదో అప్పుడు ఆ ఒళ్లు అట్లాంటిది.

యాంటీబయాటిక్ ఇచ్చినా తగ్గని జ్వరం, పొడిదగ్గు, ఛాతీలో పోటు, కళ్లెలో రక్తం. ఇవి గుర్తులు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, సీటీ స్కాన్ కావాలి. మందులున్నాయి. కానీ 2002లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధన ఏం చెప్పిందో చూడండి. వోరికోనజోల్ అనే మందు ఇచ్చినవాళ్లలో పన్నెండు వారాలకు 100కి 71 మంది బతికున్నారు. పాత మందు ఆంఫోటెరిసిన్ ఇచ్చినవాళ్లలో 58 మందే. మంచి మందు ఇచ్చినా 29 మంది పోయారన్నమాట. ఆ ఆంఫోటెరిసిన్ పేరు మనవాళ్లకు కొత్త కాదు. 2021లో కరోనా రెండో విడతలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆ ఇంజెక్షన్ కోసమే జనం రోడ్ల మీద పరుగులు పెట్టారు. అది వేరే జాతి బూజు, కానీ పాఠం ఒకటే. బూజు పట్టాక మందు కోసం పరుగెత్తడం కంటే పట్టకుండా చూడటమే మేలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిసారి ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా వేసి, ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్‌ను అన్నిటికంటే పై వరసలో పెట్టింది.

పట్టకుండా చూసే దారి తెలియనిదేమీ కాదు. హెపా అనే ఫిల్టర్ ఉంది. 0.3 మైక్రాన్ల నలుసుల్ని కూడా 100కి 99.97 వంతు పట్టేస్తుంది. మూలుగ మార్పిడి చేసినవాళ్ల గదిలో గంటకు కనీసం 12 సార్లు గాలి మారాలని, లోపలి గాలి బయటికి నెట్టాలే గానీ బయటి గాలి లోపలికి రాకూడదని అమెరికా సీడీసీ 2003లోనే రాసిపెట్టింది. గోడకు తగిలించిన మామూలు ఏసీ ఈ పని చెయ్యదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. తడిగడ్డి పెట్టిన కూలరైతే తనే బూజుకు ఇల్లు. ఇక ఆసుపత్రిలో గోడ పగలగొట్టినా, కొత్త అంతస్తు లేపినా ఆ దుమ్ములో బీజాలు లేస్తాయి. అడ్డుతెర కట్టకుండా పక్క వార్డులో పని చేయించడమంటే రోగి ముక్కులో బూజు ఊదడమే.

మన భవనాల సంగతి అందరికీ తెలుసు. 2020 జూలైలో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి వాననీళ్లొచ్చాయి. రోగులు మంచాల మీద, నీళ్లు మంచాల కింద. దేశమంతా ఆ బొమ్మలు చూసింది. నీళ్లు తోడేస్తే పోతాయి, చెమ్మ పోదు. చెమ్మ ఉన్నచోట బూజు ఉంటుంది.

డబ్బున్న దేశాల్లో అంతా బాగుందా అంటే అదీ లేదు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 2015లో కొత్తగా తెరిచిన పెద్ద ఆసుపత్రిలో, ఇన్ఫెక్షన్ల భయంతో 2018లో పిల్లల క్యాన్సర్ వార్డులు ఖాళీ చేయించారు. అదే సంవత్సరం చివర ఇద్దరు రోగులకు క్రిప్టోకాకస్ అనే మరో ఫంగస్ సోకింది. ఇద్దరూ చనిపోయారు. పావురాల రెట్టలో పెరిగే జాతి అది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాని మీద పెద్ద వాదమే నడిచింది. మనం గమనించాల్సింది వేరే ఉంది. అక్కడ తల్లిదండ్రులు రాత అనుకుని ఊరుకోలేదు. నీళ్ల గొట్టాల లెక్క చెప్పమన్నారు, గాలి గొట్టాల లెక్క చెప్పమన్నారు. 2020లో ప్రభుత్వం విచారణ మొదలుపెట్టక తప్పలేదు.

మన దగ్గర ఎవరు అడగాలి? వార్డు ఊడ్చే మన అక్కచెల్లెళ్ల దగ్గర మొదలుపెడదాం. కాంట్రాక్టరు చీపురిస్తాడు, పొడిగా ఊడ్చమంటాడు. పొడిచీపురు దుమ్ము లేపుతుంది. ఆ దుమ్ము రోగి ఊపిరిలోకీ పోతుంది, ఊడ్చే మనిషి ఊపిరిలోకీ పోతుంది. బ్లడ్ క్యాన్సర్ వార్డులో తడిగుడ్డతోనే తుడవాలి. ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పరు. గుడ్డ, మాస్కు, మందునీళ్లు ఇవ్వరు. రేపు ఏదన్నా జరిగితే మాత్రం "ఊడ్చేవాళ్లు సరిగ్గా చెయ్యలేదు" అంటారు. తరతరాలుగా మురికి మనచేత ఎత్తించి, ఆ మురికి మనదే అన్న న్యాయమే ఇది.

ఇంకొక మాట. ఆ రోగిని విడిగా గదిలో పెడతామని డాక్టరంటే మనవాళ్లు బెదిరిపోతారు. వెలి అంటే ఏమిటో మనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు గదా! కానీ ఆ గదిలో రోగివల్ల మనకు ప్రమాదం లేదు, మనవల్లే రోగికి ప్రమాదం. ఊరు మనల్ని దూరం పెట్టింది తన మడి కోసం. ఈ గది మనిషి ప్రాణం కోసం. ఆ గది కావాలని మనమే పట్టుబట్టాలి. డబ్బున్నోడికి కార్పొరేట్ ఆసుపత్రిలో దొరికే గది కూలోడి బిడ్డకు ఎందుకు దొరకదు?

1927లో మహద్ చెరువు నీళ్ల కోసం అంబేడ్కర్ వేలమందిని నడిపించాడు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది తాగేనీళ్ల చెరువు దగ్గరే. నీళ్లు కంటికి కనపడతాయి గనక కొట్లాడాం. గాలి కనపడదు గనక ఊరుకుంటున్నాం. కార్డు మీద కీమో ఇస్తున్నామని రెండు ప్రభుత్వాలూ చెప్పుకుంటాయి. ఆ కార్డు మీద శుభ్రమైన గాలి వస్తుందా? తెల్లకణాలు పడిపోయేదాకా మందు ఎక్కించి, బూజు గాలిలో పడుకోబెడితే దాన్ని సగం వైద్యం అనాలి. డబ్బుల్లేవన్న సాకు చెల్లదు. 1996లో పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. సర్కారు ఆసుపత్రిలో సకాలంలో వైద్యం అందకపోతే అది జీవించే హక్కును కాలరాయడమే అంది.

సంఘాలు చేయాల్సిన పని ఇది. 2005 సమాచార హక్కు చట్టం కింద జిల్లా, రాష్ట్ర ఆసుపత్రులకు దరఖాస్తులు పెట్టండి. బ్లడ్ క్యాన్సర్ వార్డులో హెపా ఫిల్టర్ ఉందా, ఎప్పుడు మార్చారు, గాలి ఎప్పుడు పరీక్ష చేశారు, కూల్చే పనులప్పుడు రోగుల్ని ఎక్కడికి తరలించారు, పారిశుద్ధ్య కార్మికులకు ఏం నేర్పారు, ఏం ఇచ్చారు అని అడగండి. జవాబు రాకపోతే అప్పీలు చెయ్యండి. జవాబు వస్తే దాన్ని అచ్చేసి వార్డు గుమ్మం ముందు పంచండి.

రోగి ఇంటికొచ్చాక మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. కణాలు పెరిగేదాకా కళ్లం దగ్గరికీ, గడ్డివాము దగ్గరికీ, పెంట ఎత్తేచోటికీ పోనివ్వొద్దు. పైకప్పు విప్పే ఇంట్లో పడుకోబెట్టొద్దు. దుమ్ములోకి పోక తప్పకపోతే ఎన్‌95 మాస్కు కట్టండి, తువ్వాలు చాలదు. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

చావు అందరికీ వస్తుంది. గోడ చెమ్మవల్ల, మార్చని ఫిల్టర్‌వల్ల వచ్చే చావును మాత్రం రాత అని ఒప్పుకోవద్దు. లెక్క అడుగుదాం.

జై భీమ్!