ఆపిల్ పంట పెరిగింది, ఎవరి నోటికి?

సిమ్లా కొండల్లో ఆపిల్ రైతులు సాగిస్తున్న పోరాటాన్ని బలపరుస్తూ తీర్మానం చేయాలని నల్గొండ జిల్లాలోని ఒక ఊళ్లో వ్యవసాయ కార్మికుల సమావేశంలో మేము ప్రతిపాదించాము. నాట్లేసి వచ్చి కూర్చున్న ఒక పెద్దామె లేచి అడిగింది: "గా ఆపిల్ పండ్లోళ్ల లొల్లి మనకెందుకు బిడ్డా? మనుమనికి జరమొచ్చినప్పుడు రెండు కాయలు కొన్న, మల్ల కొనలే. బయటి దేశపు కాయ వస్తే అగ్గువకు దొరుకుతదేమో, రానియ్యరాదు?"

నవ్వి తోసేయదగ్గ ప్రశ్న కాదది. రైతు అమ్ముకునేవాడు, కూలి మనిషి కొనుక్కునేవాడు. సరుకు ధర పడితే ఒకరికి ఏడుపు, ఇంకొకరికి ఊరట అని పాలకులు ఎప్పటినుంచో మన మధ్య చిచ్చుపెడుతున్నారు. అందుకని తీర్మానం ఆపుకున్నాము. లెక్కలు చూసి చెబుతామని మాటిచ్చాము.

1960 దశకం మొదట్లో దేశం మొత్తం మీద ఏడాదికి పండిన ఆపిల్ రెండు లక్షల టన్నులు కూడా లేదు. అప్పటి జనాభా 44 కోట్లు. తలకు అర కిలో లోపే. 1990 నాటికి పంట పది లక్షల టన్నులు దాటింది. ఇటీవలి సంవత్సరాల్లో 25 లక్షల టన్నుల చుట్టూ తిరుగుతోంది. దానికి తోడు దిగుమతి దాదాపు అయిదు లక్షల టన్నులు. 140 కోట్ల మందికి పంచితే తలకు రెండు కిలోల పైచిలుకు. అరవై ఏళ్లలో నాలుగైదింతలు పెరిగిందన్నమాట.

బాగానే ఉంది. కానీ సగటు లెక్కకు నోరుండదు, కడుపుండదు. నాలుగు కిలోలు తిన్నవాడినీ అసలు తినని వాడినీ కలిపి చెరి రెండు కిలోలు తిన్నారని రాసేస్తుంది. 2025-26లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. సీజను కానప్పుడు కిలో ఆపిల్ 200 అంటే ముప్పొద్దుల కష్టంలో రెండు పొద్దులు అక్కడికే సరి. రోజుకు 100 గ్రాముల పండు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఆపిలే తినాలని ఎవరూ అనలేదు, మన జామకాయ దానికేమీ తీసిపోదు. ఇప్పుడు జామకాయ కూడా కొనుక్కోవలసి రావడం వేరే కథ.

ఈ పంట ఎలా పెరిగిందో చూడాలి. ముప్పాతిక వంతు కాశ్మీరుదే. అక్కడ 1950లో బడా జమీన్ల రద్దు చట్టం వచ్చింది. ఒక్కొక్కరికి 182 కనాళ్లు, అంటే 22 ముప్పావు ఎకరాలు మించి ఉండరాదన్నారు. మిగులు భూమిని నష్టపరిహారం లేకుండా దున్నేవాడికి పంచారు. దేశంలో ఇంత గట్టి చట్టం అప్పట్లో మరెక్కడా లేదు. అయితే తోటలకు మినహాయింపు పెట్టారు. తెలివైన భూస్వాములు ఆ సందు పట్టుకున్నారు. భూమి దక్కిన పేద రైతు కూడా వరి కన్నా ఆపిలే మేలని క్రమంగా మొక్కలు నాటాడు. హిమాచల్‌లో సంగతి ఇంకొక రకం. అమెరికా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లిన శామ్యూల్ స్టోక్స్ 1916 ప్రాంతంలో కోట్‌గఢ్‌లో మేలురకం మొక్కలు వేశాడు. అదే కోట్‌గఢ్‌లో 1990లో మద్దతు ధర అడిగిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు.

మరి ఆ పండిన పంట నిలకడగా ఉంటుందా? హిమాచల్‌లో 2010లో దాదాపు తొమ్మిది లక్షల టన్నులు పండింది. మరుసటేడు మూడు లక్షలకు కూడా రాలేదు. మంచు సరిగా పడకపోతే చెట్టుకు చాలినంత చలి అందదు, పూత దెబ్బతింటుంది. కింది కొండల్లో తోటలు పోయి పైపైకి పాకుతున్నాయి. పంట బాగుంటే దారి బాగుండదు. 2025లో వర్షాలకు జమ్మూ-శ్రీనగర్ రహదారి తెగి, కాయలు లారీల్లోనే కుళ్లాయి. ఆ సెప్టెంబరులో బడ్గాం నుంచి ఢిల్లీకి పార్సెల్ రైలు వేశారు. మదనపల్లెలో టమాటా రోడ్డుపై పారబోసిన రైతుకు ఆ కుళ్లు వాసన వేరే చెప్పనక్కర లేదు.

ఇక పెద్దామె అడిగిన బయటి కాయ సంగతి. 1999లో ఆపిల్ దిగుమతికి గేట్లు ఎత్తారు. ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా వేసిన దావాలో మన దేశం ఓడిన సంవత్సరమూ అదే. దిగుమతిపై సుంకం 50 శాతం. 2019లో అమెరికాతో ఉక్కు, అల్యూమినియం తగాదా వచ్చినప్పుడు వాళ్ల ఆపిల్‌పై మరో 20 శాతం వేశారు. ఏమైంది? 2018-19లో 1,27,908 టన్నులు వచ్చిన అమెరికా ఆపిల్ 2022-23 నాటికి 4,486 టన్నులకు పడిపోయింది. మన రైతు బాగుపడ్డాడా అంటే లేదు. ఆ చోటులోకి టర్కీ, ఇరాన్, ఇటలీ కాయ వచ్చింది. 2023 సెప్టెంబరులో ఆ 20 శాతమూ ఎత్తేశారు. 2025 డిసెంబరులో న్యూజిలాండ్‌తో ఒప్పందంలో కోటా మేరకు సుంకాన్ని 25 శాతానికి తగ్గించేందుకు ఒప్పుకున్నారు. నూరు శాతం సుంకం వేయండని రైతులు మొత్తుకుంటుంటే, పాత ఒప్పందం ప్రకారం 50 దాటకూడదని ప్రభుత్వం జవాబు. అమెరికా మీద కోపమొచ్చి 70 చేసిన రోజున ఆ ఒప్పందం ఏ బీరువాలో ఉందో!

ఆ కాయ మనకు చౌకగా వచ్చిందా? 2023 మేలో కిలో 50 రూపాయల లోపు ధర గల ఆపిల్ దిగుమతిని, భూటాన్‌ది తప్ప, నిషేధించారు. 50 రూపాయల కాయకు సగం సుంకం కలిపితే రేవులో దిగేసరికే 75. ఆ మీద టోకు వ్యాపారి, కోల్డు స్టోరేజి, లారీ, చిల్లర కొట్టు. అగ్గువ అనేది రేవు దగ్గర రైతు గొంతు మీద పనిచేస్తుంది గానీ మన సంతదాకా నడిచి రాదు. హైదరాబాదు పండ్ల మార్కెట్టులో కాశ్మీరు పెట్టెలు దించే హమాలీని అడగండి, ఆ పెట్టెలోంచి ఎన్ని కాయలు ఇంటికి కొనుక్కుపోయాడో.

అటు రైతు చేతికి వచ్చేదేమిటి? నాసి కాయకు హిమాచల్ ప్రభుత్వం 2023లో కట్టిన ధర కిలో 12 రూపాయలు. అదే ఏడు కేంద్ర బడ్జెట్టులో మార్కెట్ జోక్యానికి, మద్దతు ధరకు కలిపి పెట్టే పద్దు 1,500 కోట్ల నుంచి ఒక్క లక్ష రూపాయలకు దిగింది. అచ్చు తప్పు కాదు, లక్షే. అట్టపెట్టెల మీద జి.ఎస్.టి.ని 12 నుంచి 18 శాతానికి పెంచితే, 2022 ఆగస్టు 5న వేలాది రైతులు సిమ్లా సచివాలయం మీదికి కదిలారు. కాయ రైతుదే, కానీ పెట్టె, లారీ, గిడ్డంగి, ధర ఏవీ అతనివి కావు.

ఈ సంగతులన్నీ తీసుకుని మళ్లీ ఆ ఊరు వెళ్లాము. రైతు ధర పడినా మన ధర పడలేదని పెద్దామె ఒప్పుకుంది. ఒప్పుకుని ఇంకో మాట వేసింది: "ఆ చెట్లెక్కి కాయ తెంపేటోళ్లు ఎవరు? వాళ్ల కూలెంత?"

హిమాచల్ తోటల్లో కోసేది, మోసేది ఎక్కువగా నేపాలీలు, బీహారు, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. కొండవాలున పెట్టెలు వీపున మోస్తారు. సీజను అయ్యాక వాళ్ల పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. రైతు సంఘాల డిమాండ్ల పట్టికలో సుంకం ఉంది, అట్టపెట్టె ఉంది, కూలి రేటు మాకు కనబడలేదు. రెండెకరాల తోట రైతును, రెండు వందల పెట్టెల కోతకు మేస్త్రీని పెట్టేవాడిని ఒకే గాటన కట్టలేము.

కాబట్టి తీర్మానం ఇలా పెట్టాము: దిగుమతి సుంకం తగ్గించరాదు, కాయకు గిట్టుబాటు ధర చట్టం కావాలి, ఆ ధరలో కోత కూలి రేటు రాసి ఉండాలి. చేతులన్నీ లేచాయి. సిమ్లాకు హిందీలో ఉత్తరం పంపాము. పెద్దామె రోజూ అడుగుతోంది, జవాబు వచ్చిందా అని.