రేకు టాప్‌కో లెక్క, గుడ్డ టాప్‌కో లెక్కా?

కన్వర్టిబుల్ కారు అనగానే మనకి గుర్తొచ్చేది సినిమా పాటే. టాప్ తీసేసి, జుట్టు గాలికి ఎగురుతుంటే హీరో బీచ్ రోడ్డు మీద దూసుకుపోతుంటాడు. ఆ టాప్ చిరిగితే డబ్బులెవరు కడతారో మాత్రం ఏ పాటలోనూ చూపించరు. 2020లో కొత్త థార్ కన్వర్టిబుల్ టాప్‌తో కూడా వచ్చాక ఇది కోటీశ్వరుల గొడవగా మిగల్లేదు. జాబ్ రాగానే ఈఎంఐలో థార్ కొనాలనుకునే వాళ్లు మన హాస్టల్లోనే బోలెడుమంది.

ముందు ఒక విషయం. చట్టప్రకారం తప్పనిసరైన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మన కారు టాప్‌కి పైసా ఇవ్వదు. అది అవతలివాళ్ల నష్టానికి. మన బండికి కావాలంటే ఓన్ డ్యామేజ్ కవర్ ఉండాలి. తుఫాను, వడగళ్లు, అగ్నిప్రమాదం, దొంగతనం, ఎవడో కసికొద్దీ బ్లేడుతో కోసెయ్యడం కూడా అందులోకి వస్తాయి. ఎండకి పాడై, మడతల దగ్గర అరిగి చిరిగితే రాదు. టాప్ మడిచే మోటారు దానంతటదే చెడిపోయినా రాదు. ఇక్కడివరకు నాకేం పేచీ లేదు. వాడితే అరిగేదానికి ఇన్సూరెన్స్ ఎందుకివ్వాలి?

నా పేచీ అంతా తరుగుదల పట్టికతో. మన మోటారు పాలసీల్లో పార్టు మార్చినప్పుడు గాజుకి కోత లేదు. ఫైబర్ గ్లాస్‌కి 30 శాతం. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్‌లకి బండి వయసుతో పనిలేకుండా 50 శాతం. మిగతా పార్టులకి వయసుని బట్టి: మొదటి ఆరు నెలలు సున్నా, ఏడాదిలోపు 5 శాతం, తర్వాత మెల్లగా పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఐదు నెలల కారు మీద చెట్టుకొమ్మ పడింది, టాప్ ఖరీదు 40,000 అనుకుందాం. రేకు టాప్ అయితే కోత లేదు. 1500 సీసీ దాటిన బండికి మనం తప్పనిసరిగా భరించాల్సిన 2,000 పోగా 38,000 వస్తుంది. అదే వినైల్ టాప్ అయితే ప్లాస్టిక్ కింద సగం కోసి, 2,000 తీసేస్తే 18,000. అదే కొమ్మ, అదే గాలి, తేడా 20,000! ఐదు నెలల్లో టాప్ సగం అరిగిపోయిందా? ఏ మెటీరియల్స్ ల్యాబ్ చెప్పింది?

ఇంకో చిక్కు. పట్టికలో గుడ్డ అనే మాటే లేదు. కాన్వాస్ టాప్‌ని ప్లాస్టిక్ అనాలా, మిగతా పార్టుల్లో వెయ్యాలా? పాలిమర్స్ చాప్టర్ చదివిన మనమే తేల్చలేం. క్లెయిమ్ రోజున సర్వేయర్ ఏ గడిలో వేస్తే అదే మన అదృష్టం.

“జీరో డెప్ తీసుకోవచ్చుగా” అంటారు. తీసుకోవాలి, నిజమే. అదనంగా కట్టే ఆ ప్రీమియం కోతని తప్పిస్తుంది. కానీ టాప్‌కి సగం కోత ఉందని షోరూమ్‌లో చెప్పేదెవరు? రోగం దాచి మందు అమ్మితే ఎలా? ప్లాస్టిక్ త్వరగా పాడవుతుందని కంపెనీల వాదన అనుకుందాం. అయితే దానికీ వయసుని బట్టి కోత పెట్టండి, కాస్త వేగంగా పెంచండి. మొదటి రోజునే సగం ఏం న్యాయం? గుడ్డ టాప్‌కి విడిగా ఒక గడి ఉండాలి, ఆ శాతం పాలసీ అమ్మేటప్పుడే కాగితం మీద కనపడాలి.

అది వచ్చేదాకా కొనేవాళ్లు మూడు పనులు చెయ్యాలి. టాప్‌ని ఏ గడిలో వేస్తారో కంపెనీని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. బయట వేయించిన టాప్ అయితే దాని విలువ పాలసీలో రాయించండి. చిన్న చిరుగుకి క్లెయిమ్ వేసేముందు నో క్లెయిమ్ బోనస్ ఎంత పోతుందో చూసుకోండి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికే అది 20 శాతం.

టాప్ తీసి తిరగడం సరదానే. పాలసీ మాత్రం విప్పి, చదివి సంతకం పెట్టండి.